ఓడ మీద భోజనాల బల్ల



క్రూజ్ ఓడలో తిరిగొచ్చిన వాళ్లను మన ఇళ్లలో మొట్టమొదట అడిగేది "భోజనం ఎలా ఉంది?" అనే. జవాబులకు మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు. "పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రి దాకా తిండేనండీ, ఏది కావాలంటే అది" అని ఒకరు మురిసిపోతారు. అదే ఓడలో, అదే వారం వెళ్లొచ్చిన ఇంకొకరు "ఆ గోలలో, ఆ జనంలో నాకు ముద్ద దిగలేదు, మళ్లీ ఎక్కమన్నా ఎక్కను" అంటారు. వినోదం సంగతీ అంతే. ఒకరు రాత్రి చూసిన ప్రదర్శన గురించి నెల రోజులు చెబుతారు. ఇంకొకరికి డెక్ మీద మైకు మోత తప్ప ఏదీ గుర్తుండదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఓడ ఒక్కటే అయినా అందులో ఎవరు గడిపిన తీరు వాళ్లది.

ఒకప్పుడు ఇది మనకు సంబంధం లేని ముచ్చట. ఇప్పుడలా కాదు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పిల్లలున్న తల్లిదండ్రులు అమెరికా వెళితే, గాల్వెస్టన్ రేవులో ఓడెక్కి మెక్సికోలోని కోజుమెల్ దీవి దాకా వెళ్లిరావడం మామూలైపోయింది. సియాటిల్ వైపు ఉన్న పిల్లలు అలాస్కా తీసుకెళ్తారు. హైదరాబాద్, విజయవాడ ట్రావెల్స్ వాళ్లు సింగపూర్ ప్యాకేజీలో రెండు మూడు రాత్రుల ఓడ ప్రయాణం కలిపి అమ్ముతున్నారు. మన విశాఖ రేవులోనే క్రూజ్ టెర్మినల్ కట్టారు. అందుకే ఓడ మీద తిండి, కాలక్షేపం, రోజువారీ బతుకు ఎలా ఉంటాయో, ఎలా ఉంటే బాగుంటుందో నాకు తోచింది ఈ పూట మీతో చెప్పాలనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓడలో ఎన్ని రెస్టారెంట్లున్నాయి, ఎన్ని ఈతకొలనులున్నాయి అన్న లెక్కకు నేను పెద్ద విలువ ఇవ్వను. మీ పక్కన ఎవరు కూర్చున్నారు, మీకు ఎవరు వడ్డించారు, వాళ్లతో నాలుగు మాటలు కలిశాయా లేదా, ఆ ప్రయాణం బాగుందా లేదా అని తేల్చేది అదే.

ఓడలు మొదటి నుంచీ విహారం కోసమే తిరిగినవి కావు. ఖండం దాటాలంటే ఓడ తప్ప వేరే దారి లేని కాలం చాలా ఉంది. 1958 అక్టోబర్‌లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలయ్యాయి. వారం పట్టే ప్రయాణం ఒక్క పూటలో తెమిలిపోయేసరికి పెద్ద పెద్ద ఓడలకు గిరాకీ పడిపోయింది. 'ఫ్రాన్స్' అన్న ఓడ కథ చూస్తే ఆ మార్పంతా తెలుస్తుంది. 1962లో అది అట్లాంటిక్ దాటించే పనిలో దిగింది. పన్నెండేళ్లకే, 1974లో, మూలన పడింది. 1979లో నార్వే వ్యాపారి ఒకాయన దాన్ని కొని, 'నార్వే' అని పేరు మార్చి, మరుసటి ఏడు నుంచి కరీబియన్ సముద్రంలో విహారానికి తిప్పాడు. ఎక్కడికీ పరుగెత్తి చేరాల్సిన పని లేదు కాబట్టి ఇంజన్లలో కొన్నింటిని తీసేశారు. డెక్‌లు విశాలం చేశారు, దుకాణాలు పెట్టారు, రంగస్థలం మీద పెద్ద ప్రదర్శనలు తెచ్చారు. ఊరికి చేర్చాల్సిన ఓడ తానే ఊరైంది. చివరికి 2006లో ఆ ఓడ మన గుజరాత్‌లోని అలంగ్ తీరానికే వచ్చింది, అక్కడే విడగొట్టారు.

ఆ తర్వాతదంతా వేగంగా జరిగింది. మయామీలో కార్నివాల్ కంపెనీ 1972లో ఒకే ఒక్క పాత ఓడతో మొదలైంది. 1977లో అమెరికా టీవీలో 'ది లవ్ బోట్' ధారావాహిక వచ్చి, ఓడ విహారం డబ్బున్న ముసలివాళ్లకే అన్న అపోహను పోగొట్టింది. 1999లో 'వాయేజర్ ఆఫ్ ది సీస్' మీద మంచు మీద జారే స్కేటింగ్ రింక్ పెట్టారు. 2024 జనవరిలో మయామీ నుంచి బయల్దేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' పొడవు 365 మీటర్లు. నిండుగా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లు కాక 2,350 మంది సిబ్బంది. మన దగ్గర ఓ పెద్ద గ్రామం జనాభా అంతా ఒకే ఓడలో ఉన్నట్టు.

ఇక భోజనం దగ్గరికి వద్దాం. నేను కాస్త ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

పాత పద్ధతిలో ఓడెక్కగానే మీకొక బల్ల, ఒక వేళ కేటాయించేవారు. సాయంత్రం ఆరు ప్రాంతంలో మొదటి వరస, ఎనిమిదిన్నర ప్రాంతంలో రెండో వరస. ప్రయాణం ముగిసేదాకా రోజూ అదే బల్ల, అదే వేళ, అదే వెయిటరు, పక్కన అవే మొహాలు. 2000 ప్రాంతంలో నార్వేజియన్ కంపెనీ ఈ కట్టుబాటు తీసేసి, మీకు నచ్చినప్పుడు నచ్చినచోట తినండి అంది. మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఇప్పుడు చాలా ఓడల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి, ఏది కావాలో టికెట్ కొనేటప్పుడే అడుగుతారు. మన పిల్లలు మన తరఫున బుక్ చేస్తూ 'ఎప్పుడైనా' అన్న దాని మీద నొక్కేస్తారు. స్వేచ్ఛగా ఉంటుంది కదా అని వాళ్ల ఆలోచన. వేళ కట్టిన బల్లే తీసుకోమని నేను గట్టిగా చెబుతాను.

ఎందుకో చెబుతాను. గాల్వెస్టన్ నుంచి బయల్దేరిన ఒక ఓడలో మాకు ఎనిమిది మంది కూర్చునే గుండ్రటి బల్ల ఇచ్చారు. తెనాలి దగ్గర హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య, మేమిద్దరం, న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన నల్లజాతి దంపతులు, టెక్సస్‌కు చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్లు. వెయిటరు గోవా కుర్రాడు. మెనూ అడుగున ఒక భారతీయ శాకాహార వంటకం ఉంది. మాస్టారు అదే తిన్నారు. తిన్నాక, "బాబూ, కాస్త పెరుగు దొరుకుతుందా?" అని అడిగారు. ఆ కుర్రాడు పొద్దుటి ఫలహారంలో పెట్టే పండ్ల రుచి తీపి పెరుగు కప్పు తెచ్చాడు. మాస్టారు ఏమీ అనకుండా దాన్ని పక్కకు జరిపారు. అతను చూశాడు. మర్నాటి రాత్రి తీపి లేని పెరుగు వెతికి తెచ్చాడు. ఆ తర్వాతి రాత్రి అడక్కుండానే పళ్లెంలో తెల్లన్నం, గిన్నెలో పెరుగు, చిన్న సాసర్‌లో నిమ్మకాయ పచ్చడి తెచ్చి పెట్టి, "పచ్చడి ఈ కిచెన్‌ది కాదు అంకుల్, కింద మా మెస్‌లోది" అన్నాడు. మాస్టారు ఫోర్కు పక్కన పెట్టి చేత్తో కలుపుకున్నారు. ఎదురుగా ఉన్న న్యూ ఆర్లీన్స్ ఆవిడ అదేమిటని అడిగి, తనకూ కాస్త పెట్టమంది. తిని, తమ ఊళ్లో ప్రతి సోమవారం ఎర్ర చిక్కుడు గింజలతో అన్నం వండుకోవడం ఆనవాయితీ అని చెప్పింది. ఒకప్పుడు సోమవారం బట్టలు ఉతుక్కునే రోజట, పొయ్యి మీద కుండ పెట్టేసి ఆ పనిలో పడేవారట. మాస్టారి భార్యకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఆ రాత్రి ఆవిడ, ఈవిడ అరగంట మాట్లాడుకున్నారు. నేను దుబాసీగా కూర్చున్నాను.

ఇది బఫేలో జరగదు. మొదటి రోజు కుర్రాడికి తెలియలేదు, రెండో రోజు కొంత తెలిసింది, మూడో రోజు పూర్తిగా తెలిసింది. మనిషికి మనిషి తెలియడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. మన పెళ్లిళ్లలో పంక్తి భోజనం పోయి బఫే వచ్చాక ఏం పోగొట్టుకున్నామో మనకు తెలుసు. కొసరి వడ్డించే చెయ్యి పోయింది, "ఇంకాస్త వేయించుకోండి" అనే మాట పోయింది. ఓడలోనూ సరిగ్గా అదే జరుగుతోంది.

బఫే పూర్తిగా చెడ్డదని అనను. పొద్దున పిల్లలతో హడావుడిగా రేవులో దిగాల్సిన రోజున దాన్ని మించింది లేదు. కానీ అక్కడ పళ్లేలు చూస్తే బాధ కలుగుతుంది. ఒకే పళ్లెంలో చేప, కేకు, నూడుల్స్, పుచ్చకాయ ముక్కలు, నాలుగు రకాల రొట్టె. సగం తిని వదిలేస్తారు. ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి తలచుకుంటే అలా వదలబుద్ధి కాదు. ఓడ పొద్దున్నే సొంత రేవుకు వస్తుంది. వేలమంది దిగిపోతారు, మధ్యాహ్నానికి మళ్లీ వేలమంది ఎక్కుతారు, సాయంత్రం నాలుగైదు గంటలకు కదలాలి. ఆ కొద్ది గంటల్లోనే వారానికి సరిపడా కూరగాయలు, మాంసం, పాలు, గుడ్లు, పిండి అన్నీ లారీల నుంచి ఫోర్క్‌లిఫ్ట్‌ల మీద ఓడ పొట్టలోకి ఎక్కాలి. ఒక్కటి మరిచిపోయినా నడిసముద్రంలో కొనడానికి అంగడి ఉండదు. ఆ సరుకంతా లెక్క చూసుకునే స్టోర్స్ మనుషులు, కిందటి అంతస్తుల్లో తెల్లవారుజామునే రొట్టెలు కాల్చే బేకర్లు మనకు ఎప్పుడూ కనపడరు. కొన్ని ఓడల్లో వంటశాల చూపించడానికి తీసుకెళ్తారు. అవకాశం ఉంటే తప్పకుండా వెళ్లండి.

శాకాహారుల బెంగ గురించి ఒక్క మాట. సింగపూర్ నుంచి నడిచే ఓడల్లో, మన దేశపు ఓడల్లో భారతీయ శాకాహారం, జైన భోజనం కూడా దొరుకుతాయి. అమెరికా ఓడల్లో డైనింగ్ హాల్‌లో సాధారణంగా ఏదో ఒక భారతీయ వంటకం ఉంటుంది. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో చెబితే మర్నాటి నుంచి పప్పో, కూరో విడిగా చేయించి పెడతారు. నోరు తెరిచి అడగాలి, అంతే. సంచీలో పచ్చడి సీసాలు, పులిహోర పొట్లాలు మోసుకెళ్లక్కర్లేదు. ఇంట్లో వండిన తిండి ఓడలోకి చాలా కంపెనీలు రానివ్వవు కూడా.

డబ్బు అదనంగా తీసుకునే ప్రత్యేక రెస్టారెంట్ల గురించి నా అభిప్రాయం అంత మంచిది కాదు. టికెట్‌లో కలిసి వచ్చే డైనింగ్ హాల్‌ను ఏటేటా కాస్త కాస్త తగ్గిస్తూ, మంచి వంటను ఆ డబ్బు గదుల్లోకి తరలిస్తున్నారన్నది చాలాకాలంగా ఓడలెక్కుతున్న వాళ్లు చెప్పే మాట. నేను చూసినంతలో అందులో నిజముంది. ఓడలో ఎవరు ఏ టికెట్ కొన్నా రాత్రి భోజనానికి అందరూ ఒకే పెద్ద హాల్లో కూర్చోవడంలో ఒక మర్యాద ఉంది. దాన్ని ముక్కలు చేసి అమ్మడం నాకు నచ్చదు.

చేతుల శుభ్రత ఇంట్లోకన్నా ఓడలో ఎక్కువ పట్టించుకోవాలి. నోరోవైరస్ అనే కడుపు జబ్బు ఇరుకైన చోట ఇట్టే పాకుతుంది. శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్లే మందు. భోజనశాల గుమ్మంలో నిలబడి చేతులు కడుక్కోండని పాడుతూ చెప్పే సిబ్బంది కనబడతారు. వాళ్లను దాటుకుని వెళ్లిపోకండి. అమెరికా రేవులకు వచ్చే ఓడల్ని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పాపెట్టకుండా తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తుంది. 85, అంతకు తక్కువ వస్తే తప్పినట్టే. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. ఓడెక్కే ముందు చూసుకోండి.

వినోదం సంగతి. పెద్ద ఓడల రంగస్థలాలు నగరాల్లోని హాళ్లకు ఏమాత్రం తీసిపోవు. కొన్నింట్లో బ్రాడ్వే సంగీత నాటకాలు ఆడతారు. కదిలే నేల మీద నాట్యం చేసే ఆ కళాకారుల కష్టం చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎత్తైన అలల రాత్రి గాల్లోకి ఎగిరే విన్యాసాలు ఆపేస్తారు, ప్రాణం ముఖ్యం కాబట్టి. అయినా నేను ఏరికోరి వెళ్లేది చిన్న గదులకు. ఓ మూల పియానో దగ్గర పదిమంది కూర్చునే బార్, ఇద్దరు వయొలిన్ వాయించే వసారా, మధ్యాహ్నం ప్రశ్నల పోటీ. ఆ క్విజ్‌లో మన వాళ్లు తప్పకుండా కూర్చోవాలి. ముక్కూమొహం తెలియని వాళ్లతో జట్టు కట్టాల్సి వస్తుంది. అమెరికా పాత సినిమాల మీద ప్రశ్న వస్తే వాళ్లు చెబుతారు, క్రికెట్ మీదో నదుల మీదో వస్తే మనం చెబుతాం. మర్నాడు లిఫ్టులో ఎదురుపడితే పేరు పెట్టి పలకరిస్తారు.

కాసినోను మాత్రం నేను సమర్థించను. రేవులో ఉన్నంతసేపు మూసి ఉంటుంది. ఓడ తీరపు జలాలు దాటగానే తలుపులు తెరుచుకుంటాయి. చాలా ఓడల్లో రంగస్థలానికి, భోజనశాలకు వెళ్లే దారి కాసినో మధ్యలోంచే వేశారు. చిన్నపిల్లల్ని నడిపించుకుంటూ ఆ పొగ కంపులోంచి వెళ్లాలి. దారిని అలా కట్టడం తప్పు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. పొద్దున నుంచి రాత్రి దాకా ఖాళీ అన్నది లేకుండా కార్యక్రమాలు నింపడం. రోజూ సాయంత్రం గదికి మర్నాటి కార్యక్రమాల చీటీ వచ్చేది, ఇప్పుడు ఫోన్‌లోకే వస్తోంది. బింగో, వేలంపాట, జుంబా, నడుము మసాజ్ మీద ఉపన్యాసం, కొలను దగ్గర పోటీలు. ఓడ ఏ రేవులోనూ ఆగని రోజు ఒకటుంటుంది, సముద్రపు రోజు అంటారు. అసలు ఓడ ప్రయాణమంటే ఆ రోజే. నాలుగు దిక్కులా నీళ్లే, చేయాల్సింది ఏమీ లేదు. ఆ రోజున కూడా మైకులో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. 2022 నుంచి ఓడల మీదికి స్టార్‌లింక్ ఇంటర్నెట్ కూడా వచ్చాక, నడిసముద్రంలో కూర్చుని వాట్సాప్‌లో మునిగిపోయిన వాళ్లే ఎటు చూసినా. మనవళ్లతో మాట్లాడుకోవడానికి అదెంత మేలో నాకు తెలుసు. అయినా రోజుకో గంట చాలు.

పాత తరహా ఓడల్లో లైఫ్‌బోట్ల కింద, ఓడ చుట్టూ తిరిగొచ్చే చెక్క వరండా ఉంటుంది. ప్రామినేడ్ డెక్ అంటారు. పొద్దున ఆరింటికి అక్కడికి వెళ్లండి. నేల కడిగిన తడి ఇంకా ఆరి ఉండదు. ఒకతను ఇత్తడి కడ్డీలు తుడుస్తుంటాడు, ఇంకొకతను రాత్రి ఉప్పుగాలికి జిడ్డు పట్టిన గాజుపలకలు కడుగుతుంటాడు. ఓడ ముక్కు వైపు నడిస్తే గాలి గుండెల మీద తోస్తుంది, మూల తిరగ్గానే వీపు వెనక నుంచి నెడుతుంది. ఒక్కోసారి ఓడ పక్కన చెల్లాచెదురుగా పక్షి చేపలు లేచి, నీటి మీద బారలు బారలు దూరం ఎగిరి మునుగుతాయి. ఆ వేళకు వచ్చే నలుగురూ రోజూ వచ్చేవాళ్లే. కొత్తగా కట్టే మహా ఓడల్లో ఈ వరండా కురచైపోతోంది, కొన్నింట్లో లేనే లేదు. మధ్యలో అంగడివీధి కట్టి, గదుల కిటికీలు ఆ వీధిలోకి తెరిచారు. ఓడలో ఉండి సముద్రం కనపడని గదికి డబ్బు కట్టడం నాకు మింగుడుపడదు. అట్లాంటిక్ దాటించే 'క్వీన్ మేరీ 2' మాత్రం ఆ పాత మర్యాద నిలబెట్టింది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రులు, మధ్యలో రేవు లేదు. అందులో పెద్ద గ్రంథాలయం ఉంది, డెక్ కుర్చీలో దుప్పటి కప్పుకుని చదువుకునే వాళ్లూ ఉన్నారు.

రోజువారీ బతుకు గురించి కొన్ని ముక్కలు. గది చిన్నది, కానీ రోజూ సర్దుతారు. నీళ్లు ఎక్కువ భాగం సముద్రపు నీటి నుంచే తయారుచేసుకుంటారు, నిక్షేపంగా తాగొచ్చు. మరుగుదొడ్డి వాక్యూమ్‌తో లాగేది కాబట్టి దాంట్లో కాగితం తప్ప ఏదీ పడేయకూడదు. ఒక్క గది చేసిన పనికి ఆ వరస గదులన్నీ ఇబ్బంది పడతాయి. కడుపులో తిప్పుతుందని భయపడేవాళ్లు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకుంటే ఊపు తక్కువ. నగదు వాడకం ఉండదు, అంతా కార్డు మీదే, చివరి రోజు బిల్లు వస్తుంది. రోజూ చూసుకోవడం మంచిది. మరో సంగతి, మన పెద్దవాళ్లకు ముఖ్యమైంది. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే విదేశీ జెండా ఓడలు అమెరికాలో 1886 నాటి చట్టం వల్ల మధ్యలో ఒక పరాయి దేశపు రేవు తాకాలి, అందుకే కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. రేవు దాకా వెళ్లి, వీసా లేక తల్లిదండ్రులు వెనక్కి తిరగాల్సి వస్తే ఆ బాధ మామూలుది కాదు.

ఓడ కదిలే ముందు ఆపద వేళ ఎక్కడికి చేరాలో చూపిస్తారు. మస్టర్ డ్రిల్ అంటారు. విసుక్కోకండి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జీలియో దీవి దగ్గర 'కోస్టా కాంకోర్డియా' రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. ఆ రోజు ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్ జరగలేదు. 32 మంది పోయారు. భోజనాల వేళ అది. అందరికన్నా ఆఖరున, 2014 నవంబర్‌లో, ఓడను విడగొడుతుండగా దొరికిన దేహం ముంబైకి చెందిన ఒక వెయిటరుది. తన లైఫ్ జాకెట్ మరొకరికి ఇచ్చేశాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. వడ్డించే మనిషిని చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ఆ మనుషుల బతుకు మన బతుక్కి పది అడుగుల కిందే ఉంటుంది. నీటి మట్టానికి దగ్గరగా, కిటికీ లేని గదుల్లో ఇద్దరేసి. ఒప్పందం సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఆదివారం లేదు, పండగ లేదు. 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందం ప్రకారం రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి, వారంలో 77 గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే ఆ హద్దులో ఉండి కూడా రోజూ పది పన్నెండు గంటలు పని చేయించవచ్చు. ఓడలు చాలావరకు బహమాస్, పనామా వంటి దేశాల జెండా కిందే తిరుగుతాయి, జీతాలు, హక్కులు ఆ లెక్కలోనే. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా రేవులో 'డైమండ్ ప్రిన్సెస్' ఓడను కరోనా వల్ల నిలిపేసినప్పుడు ప్రయాణికుల్ని గదుల్లో ఉండమన్నారు. సిబ్బంది మాత్రం గది గదికీ భోజనం మోస్తూనే ఉన్నారు. ఆ ఓడలో మన దేశస్తులు 138 మంది ఉంటే, అందులో 132 మంది సిబ్బందే.

అమెరికా ఓడల్లో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా టిప్పు బిల్లులోనే కలుపుతారు. కౌంటర్ దగ్గరికి వెళ్లి దాన్ని తీయించేసే వాళ్లున్నారు. మన వాళ్లలోనూ ఉన్నారు. జీతం ఇవ్వాల్సింది కంపెనీ కదా అన్న వాదన న్యాయమైనదే. కానీ ఆ వాదన కంపెనీతో చేయాలి. తీయించిన డాలర్లు పోయేది పెరుగు వెతికి తెచ్చిన కుర్రాడి జేబులోంచి.

రేవుల సంగతి క్లుప్తంగా. వెనిస్ 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని నగరం నడిబొడ్డులోని కాలువలోకి రానివ్వడం లేదు. అలాస్కాలోని జూనో 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలకే ఒప్పుకుంది. ఆ ఊళ్లు చేసింది సరైన పని. ఒక ఓడ ఒక పూటకు దింపే జనాన్ని మోయడానికి ఊరికీ ఒక లెక్క ఉంటుంది.

ఇక మన రేవు. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ 'ఎంప్రెస్' ఓడ చెన్నై, విశాఖ మధ్య తిరిగింది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ అది, పదకొండు అంతస్తులు. అది వచ్చినప్పుడు బీచ్ రోడ్డు మీద జనం నిలబడి చూశారు. 2023 సెప్టెంబర్‌లో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన టెర్మినల్ ప్రారంభమైంది. మరుసటి ఏప్రిల్‌లో, సొంత ఇళ్లలా ఓడలోనే గదులు కొనుక్కుని ప్రపంచం చుట్టి వచ్చే వాళ్ల ఓడ 'ది వరల్డ్' కూడా ఇక్కడ ఆగింది.

టెర్మినల్ ఉంది కాబట్టి ఇకముందు ఇంకా ఓడలొస్తాయి, మన వాళ్లు ఇంకా ఎక్కుతారు. ఆ ఓడల్లో నేను చూడాలనుకునేవి కొన్ని ఉన్నాయి. రాత్రి భోజనానికి వేళ కట్టిన బల్ల ఒకటి, కావాలన్నవాళ్లకైనా ఉండాలి. డీజే మోత లేని ఒక చిన్న హాలు ఉండాలి, అందులో ఒక సాయంత్రం వీణో, హరికథో పెడితే వినేవాళ్లు తప్పకుండా వస్తారు. ఉప్పాడ, భీమిలి, కళింగపట్నం పిల్లలకు సముద్రం పుట్టుకతో తెలుసు. వాళ్లను డెక్ పనికీ, వంటశాలకూ, అధికారుల ఉద్యోగాలకూ తర్ఫీదు ఇచ్చి తీసుకోవాలి. మీలో ఎవరైనా టికెట్ కొనబోతుంటే, గదికి బాల్కనీ ఉందా అని అడగడంతో ఆగకండి. ఓడ చుట్టూ నడిచే వరండా ఉందా అని అడగండి, సిబ్బందికి ఎన్ని నెలల ఒప్పందమో అడగండి. ఎక్కువమంది అడిగితే కంపెనీలే జవాబు సిద్ధం చేసుకుంటాయి.